నిలుపు గీత

2024 ఫిబ్రవరి 18, ఆదివారం. కార్వేటినగరం, చెల్లెలి ఇల్లు.

ఉన్నవారు: అత్త (అంటే మా బావను కన్న తల్లి), బావ, చెల్లెలు, వాళ్ళ కూతురు, అంటే నా మేనకోడలు, ఆమె ఒళ్ళో మూడు నెలల ఆడబిడ్డ, నేను.

డైరీలో ఆనాటి పుట ఇలాగే మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన రోజుల నుంచి నాకు ఇదే అలవాటు. ముందు తేదీ, తర్వాత ఊరు, ఆ తర్వాత ఎవరెవరున్నారో. ఏం జరిగిందో తర్వాత రాసుకోవచ్చు. ఎవరి ముందు జరిగిందో రాయకపోతే మాత్రం కొన్నాళ్ళకు మనకే అనుమానం వస్తుంది.

నా ఉద్యోగం చేనేత గుడ్డల తనిఖీ. నేసి తెచ్చిన గుడ్డను బల్ల మీద పరచి, కొలిచి, పోగులు లెక్కపెట్టి, మచ్చలుంటే రాసి, బాగుంటే ముద్ర వేయడం. రిటైరయ్యాక ముద్ర పోయింది, భూతద్దం మిగిలింది. ఇప్పుడు తిరుపతిలో నా గదికి తెలిసినవాళ్ళు పాత గుడ్డలు తెస్తుంటారు. పట్టుచీరలు కాదు. పంచెలు, తువ్వాళ్ళు, దుప్పట్లు, విస్తళ్ళు మూటకట్టిన గుడ్డలు. ఇది ఎప్పటిది, ఎక్కడిది అని అడుగుతారు. పట్టుచీరనైతే ఎవరైనా దాచిపెట్టుకుంటారు. తువ్వాలును దాచిపెట్టుకున్నారంటే దాని వెనక ఎవరో మనిషి ఉన్నట్టే.

చెల్లెలు ముందురోజే ఫోన్ చేసింది. "సోమవారం పొద్దున బిడ్డను తొట్లో ఏస్తా ఉండాము. నువ్వు ఒకరోజు ముందే రా. మా అత్త నీతో ఏదో సూపిచ్చుకోవాలంట. నీ అద్దం మర్సిపోవాకు."

పుత్తూరులో బస్సు మారి నేను చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. తిన్నాక అత్త తన ట్రంకుపెట్టె తీయించి, వేపాకుల మధ్య నుంచి ఒక గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. చిన్న దుప్పటి. తెల్లటి నేల మీద ఎరుపు, నలుపు గళ్ళు. తెలుపు ఎప్పుడో గంజి రంగుకు తిరిగింది.

"ఇది మా నాయన నేసిన గుడ్డ నాయనా," అన్నది అత్త. "నేను తొట్లో ఉన్నెప్పుడే మా నాయన జరమొచ్చి పోయినాడు. మొగం ఎట్లుంటాదో నాకు తెల్దు. ఫోటో లేదు. ఈ గుడ్డ నీకోసరమే మీ నాయన నేసినాడని మాయమ్మ చెప్పేది. రేపు పసిదాన్ని తొట్లో ఏసేటప్పుడు కింద ఇదే పరవాలని నా ఆశ."

"ఆశ మంచిదే గదమ్మా, గుడ్డే అనుమానం," అన్నాడు బావ, పీట మీద కూర్చుని వక్క నములుతూ. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎవరేం చెప్పినా ముందు బ్రేకు వేయడం ఆయన అలవాటు. "మాయవ్వ ఊరికే సెప్పినాదని నేను అంటా. తండ్రి లేని బిడ్డ ఏడిస్తే, సంతలో కొనిన గుడ్డ సూపిచ్చి మీ నాయన నేసినాడులే అనుంటాది. దాన్ని పట్టుకొని నువ్వు ఎనభై ఏండ్లుగా..."

"నీకు పేరు పెట్టింది మాయమ్మరా. అబద్ధాలు సెప్పే మనిసైతే నీకు ధర్మరాజని పెట్టుండును," అన్నది అత్త. ఆయన పేరు ధర్మరాజు కాదు. అందరం నవ్వాం, బావ కూడా.

కానీ నవ్వు అయిపోయాక అత్త నా వైపు తిరిగి మెల్లగా అన్నది. "నువ్వు సూడు. మా నాయనది కాదంటే కాదనే సెప్పు. ఆయనది కాని గుడ్డని మా నాయన పేరు సెప్పి పసిదాని కింద ఎయ్యను. పెట్లో పెట్టేస్తా."

ఎప్పుడైనా నేను చూసింది మొదట రాస్తాను, అనుకున్నది తర్వాత రాస్తాను. ఈ రెండూ కలిస్తే ప్రమాదం. వాకిట్లో నవారు మంచం వేయించి, దాని మీద తెల్ల దుప్పటి పరచి, ఎండ ఏటవాలుగా పడేట్టు గుడ్డను సర్దాను. గుడ్డ వెడల్పు తక్కువ. నేసే మనిషి పేక పోగు మోసే నాడెను ఈ చేతితో విసిరి ఆ చేతితో అందుకునే మగ్గం మీద ఇంతకన్నా వెడల్పు రాదు. తాడు లాగితే నాడె తానే పరిగెత్తే మగ్గాలు వచ్చాక ఇంత సన్నటి దుప్పట్లు నేయడం తగ్గిపోయింది. నలుపు గళ్ళలో దారం చాలాచోట్ల తినేసి ఉంది, పక్కనే ఎరుపు గట్టిగా ఉంది. తుప్పు ఇనుము నానబెట్టి చేసే నలుపుకు ఆ గుణం ఉంది, ముసలిదయ్యేకొద్దీ దారాన్ని తింటుంది. కాళహస్తి అద్దకంలో ఇప్పటికీ ఆ నలుపే వాడతారు. కాబట్టి అదొక్కటే ఏ కాలమో చెప్పదు.

చిరిగిన అంచు దగ్గర వేలాడుతున్న పోగును, అత్తను అడిగి, కత్తిరించి అగ్గిపుల్ల చూపించాను.

"అగ్గి పెడతా ఉన్నావా మా తాత గుడ్డకి!" అన్నాడు బావ.

"ఇప్పుడే సంత గుడ్డ అంటివి, అప్పుడే మీ తాతదైపాయనా?" అన్నది చెల్లెలు లోపలి నుంచి.

పోగు కాగితంలా కాలి మెత్తటి బూడిదైంది. ఉండ కట్టలేదు. కల్తీ లేని నూలు. ఇంతవరకు అన్నీ అత్త చెప్పిన కాలానికి సరిపోతున్నాయి. సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు. ఆ కాలంలో సంతలో అమ్మిన గుడ్డ కూడా ఇలాగే ఉంటుంది.

ఆ తర్వాతే చిక్కు వచ్చింది. గుడ్డ ఒక కొస నుంచి మొదలుపెట్టి చూస్తూ పోతే, మొదట జానెడు, జానెడున్నర మేర నేత వదులుగా ఉంది. గళ్ళు చదరంగా లేవు, పొడుగ్గా సాగాయి. అంచులు లోపలికి లాక్కుపోయి వంకరటింకరగా ఉన్నాయి. అక్కడ అడ్డంగా ఒక గీత, మడత పెట్టి పెట్టి అరిగిన గీత అనుకున్నాను. ఆ గీత దాటాక నేత ఒక్కసారిగా బిగిసింది. గళ్ళు చదరంగా కుదిరాయి. అంచు దారం పట్టి గీసినట్టుంది.

చూసింది రాశాను. అనుకున్నదీ రాశాను: "నేర్చుకునే చేయి. మొదట తడబడి, తర్వాత కుదుటపడింది."

చదివి వినిపించమన్నారు. వినిపించాను.

బావ తొడ చరిచాడు. "నేను సెప్పలా? మా తాత పేరుమోసిన నేతగాడంట. నేర్చుకునే పిల్లోడా? ఎవురో పిల్లోడు నేసి సంతకేసినాడు, మాయవ్వ కొనుక్కొచ్చినాది."

"నాయనా, ఊరుకో," అన్నది మేనకోడలు.

అత్త గుడ్డను మంచం మీద నుంచి తన ఒళ్ళోకి లాక్కుని, అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది. పెట్టెలో పెట్టడానికి మడత వేయబోతోందని అర్థమైంది. నేను కనిపించిందే చెప్పాను. అయినా ఆ చెయ్యి గుడ్డ మీద తిరగడం చూడలేక నేను డైరీలోకి చూస్తూ కూర్చున్నాను.

రెండో మడత దగ్గర అత్త చెయ్యి ఆగింది. గుడ్డ అవతలి కొసను, బిగువుగా నేసిన వైపు కొసను, కళ్ళ దగ్గరకు తెచ్చుకుంది. "దీనికి పసుపు కారినాది. నేను ఎన్ని తూర్లు ఉతికినానో, పోదు."

"కొత్తగుడ్డ మూలల్లో పెట్టే పసుపు అయ్యుంటుందత్తా," అన్నాను.

"మూలల్లో కాదు నాయనా. ఈ అంచు నుంచి ఆ అంచుకి పారినాది."

అద్దం పెట్టాను. మరక కాదు. ఒక్క పోగు. పసుపులో ముంచి వేసిన పేక పోగు, అంచు నుంచి అంచు దాకా ఉంది. పక్క పోగులకు కొంచెం రంగు అంటింది, అంతే.

"ఇది మొదటి పోగులే," అన్నది అత్త, పెద్ద విషయం కానట్టు. "మా ఈదిలో పడుగు మగ్గమెక్కిస్తే మొదటి పోగు పసుపుదే ఏసేది. కొబ్బరికాయ కొట్టి, పసుపు పోగేసి, అప్పుడు గుడ్డ. ఎవురింట్లో అయినా అంతే."

నేను లేచి నిలబడ్డాను. లేచినందుకు కాలు పట్టేసింది గాని కూర్చోలేకపోయాను.

నా ఉద్యోగమంతా నేను గుడ్డను చూసింది చివర నుంచే. మగ్గం దోనెకు చుట్టుకుంటూ పోయిన గుడ్డను విప్పితే మొదట పైకి వచ్చేది చివర నేసిన భాగం. మొదలు లోపల ఉంటుంది. మా బల్ల మీద ప్రతి గుడ్డా వెనక నుంచి ముందుకే నడిచింది. ఆ అలవాటుతో చేతికొచ్చిన కొసను పట్టుకున్నాను. మంచం మీద మాత్రం దాన్నే మొదలనుకుని చదివాను. పసుపు పోగు ఉన్న కొస మొదలైతే కథ తలకిందులవుతుంది. బిగువైన చేయి ముందు, తడబడే చేయి తర్వాత. నేర్చుకునేవాడు బాగా నేసి నేసి, చివరికి వచ్చేసరికి మరిచిపోడు.

గుడ్డను మళ్ళీ పరిచాం. ఈసారి పసుపు కొస నుంచి చూస్తూ వచ్చాను. అడ్డగీత దగ్గర ఆగాను. అది మడత గీత కాదు. మడతయితే దారం పైన అరుగుతుంది. ఇక్కడ పడుగు కొంచెం సాగి, పేకల మధ్య సందు పడి, ఒక మసక చార నిలిచింది. మగ్గం మీద పడుగు బిగించి ఉండగా కొన్నాళ్ళు ఎవరూ తొక్కకపోతే, మళ్ళీ మొదలుపెట్టిన చోట ఇలాంటి గీత పడుతుంది. తర్వాత ఎంత ఉతికినా పోదు. మేము దాన్ని నిలుపు గీత అనేవాళ్ళం. ఆ గీత కనిపిస్తే ముద్ర వేసేవాళ్ళం కాదు.

ఇంకొకటి చూడాలనిపించింది. గీతకు ముందున్న ఒక గడిలో పేక పోగులు లెక్కపెట్టాను. గీత తర్వాత సాగిపోయిన గడిలో లెక్కపెట్టాను. రెండింట్లోనూ ఒకటే లెక్క. ఇంకో జత చూశాను. అక్కడా అంతే. గళ్ళు పొడుగైంది లెక్క తప్పి కాదు, దెబ్బ చాలక. గీత తర్వాత కూర్చున్న మనిషికి ఈ గడికి ఎన్ని పోగులో తెలుసు. పోగును దగ్గరకు నెట్టే పలకను ఎంత బలంగా కొట్టాలో తెలియదు.

ఇది చెప్పాలా వద్దా అని కొంచెంసేపు ఆలోచించాను. చూసింది మాత్రం చెప్పాను. "అత్తా, ఈ గుడ్డ ఒకరు మొదలుపెట్టినారు. చేయి తిరిగిన మనిషి. మధ్యలో మగ్గం కొన్నాళ్ళు ఆగిపోయింది. తర్వాత ఇంకెవరో పూర్తిచేసినారు. వాళ్ళకు లెక్క తెలుసు, నేత రాదు."

బావ వక్క నమలడం ఆపాడు.

"మీ నాయన పోయినప్పుడు ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడిగాను.

"మాయమ్మ. తొట్లో నేను. ఇంగెవురూ లేరు." అత్త గుడ్డ మీద సాగిపోయిన గళ్ళను వేలితో తాకింది. "మాయమ్మ మగ్గంలో దిగింది నేను సూళ్ళేదు. నూలు కండెలు సుట్టి ఇచ్చేదంట, మా నాయన నేసేదంట. ఆయన పొయినాక మగ్గం పీకేసి, సెనక్కాయలు ఒలిసే పనికి పొయినాది. మగ్గం నాకు సేతగాదు అనేది ఎప్పుడూ."

"పక్కింటివాళ్ళెవరైనా పూర్తిచేసి ఉండొచ్చు," అన్నాను. ఆ మాట అనడం నా బాధ్యత.

అత్త నవ్వింది. "పక్కిండ్లోల్లంతా నేసేవోల్లే గదా నాయనా. వాల్లు నేసుంటే ఇంత సొట్టగా ఎందుకు నేస్తారు? ఆ ఈదిలో నేత రానిది మాయమ్మకొక్కదానికే."

కండెలు చుట్టిచ్చే మనిషికి ఏ గడికి ఎంత నూలు పోతుందో తెలిసి ఉంటుంది. బావ చెయ్యి చాచి గుడ్డ కొసను పట్టుకున్నాడు. "అవ్వ మాకు సెప్పనే లేదే," అన్నాడు. "మీ తాత నేసినాడు, మీ తాత నేసినాడు అంటా ఉండె. తాను నేసింది సెప్పనే లేదు."

"సొట్టగా ఉండాదని సిగ్గుపడుంటాది," అన్నది అత్త. కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ నవ్వింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. చెల్లెలు వంటింటి గడప దగ్గర నిలబడి అంతా విన్నది. లోపలికి రమ్మని నన్ను సైగ చేసింది.

"ఆ గీత అంటే ఏంది? ఆయప్ప పోయి, మైల అయిందాకా మగ్గం నిల్చిపోయిన గీతే గదా? సావింటి పడుగు అది. పసిదాన్ని దాని మింద ఎట్ల పండుకోబెట్టేది? ముసలామెకి నువ్వే సెప్పు."

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. అత్తకు చెవులు బాగా వినిపిస్తాయి. గుడ్డను మడిచి, వేపాకులు సర్ది, పెట్టె మూసింది. "దాని మాటా నిజమేలే," అన్నది. "మా నాయనదని తెల్సింది. మాయమ్మది గూడా అని తెల్సింది. నాకు అంతే సాలు." చాలదని ఇంట్లో అందరికీ తెలుసు. రాత్రి భోజనాల దగ్గర బావ కూడా ఒక్క జోకు వేయలేదు.

మర్నాడు, సోమవారం. నేను లేచేసరికి వాకిట్లో కళ్ళాపి ఆరలేదు. వసారాలో ట్రంకుపెట్టె తెరిచి ఉంది. తెరిచింది అత్త కాదు, మేనకోడలు. చెల్లెలు ఆమె ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"సావింటి గుడ్డ అని నువ్వంటావు," అంటోంది మేనకోడలు. "ఆ గుడ్డలో పండుకొని పెరిగిన బిడ్డ యాడుండాది సూడు. ఎనభై దాటినా సెవులు ఇంగా ఇనిపిస్తాండాయి, పండ్లతో సెరుకు నములుతాది. పుట్టిన బిడ్డకి ముందు పాత గుడ్డే ఎందుకేస్తారమ్మా? బతికిన మనిసి గుడ్డని గదా? ఇంతకన్నా బతికిన గుడ్డ ఈ ఊర్లో ఎవురింట్లో ఉండాదో తెచ్చి సూపీ."

చెల్లెలు గుడ్డను అందుకుని, నిలుపు గీత దగ్గర పట్టుకుని వెలుతురులో చూసింది. "ఈడ మల్లా మొదులుపెట్టినప్పుడు ఆయమ్మ పసుపు పోగు ఏసిందా?" అని నన్ను అడిగింది.

"లేదు," అన్నాను.

"ఎట్లేస్తాది? అప్పుడు ఆయమ్మని పసుపు ముట్టనిస్తారా?" వంటింట్లోకి వెళ్ళి, పసుపు కలిపిన గిన్నె, సూది, తెల్లదారం తెచ్చుకుని కూర్చుంది. "ఆయమ్మ ఎయ్యలేనిది నేనేస్తా. పసుపు పోగు పడితే మొదులే గదా? మొదులైన గుడ్డకి మైల యాడిది?"

పాత గుడ్డలో కొత్త దారం ఎక్కించకూడదు. నేను అందరికీ మొదట చెప్పే మాట అదే. రేపు ఇంకెవరైనా ఈ గుడ్డను చూస్తే, ఆ రెండో పసుపు పోగు వాళ్ళను తప్పుదారి పట్టిస్తుంది. ఆ మాటే అన్నాను.

"నీకు గుడ్డ కావాల, మాకు బిడ్డ కావాల," అన్నది చెల్లెలు, దారాన్ని పసుపులో ముంచుతూ. "తప్పుదారి పడతారని భయముంటే నీ డైరీలో రాసిపెట్టు."

దారం ఆరాక మొదలుపెట్టింది. గీత సన్నది, ఆమెకు చూపు ఆనడం లేదు. రెండు కుట్లు పక్కకు పోయాయి. చూస్తూ ఉండలేక నేను అద్దం తీసి గీత మీద పట్టుకున్నాను. "ఇటు. ఇంకొంచెం. ఆ పోగు కిందనుంచి." అంచు నుంచి అంచు దాకా వెళ్ళేసరికి నా చెయ్యి నొప్పి పుట్టింది. పోగు కాస్త వంకరగానే వచ్చింది.

"మాయమ్మకి సరిజోడుగా ఉండాది," అన్నది అత్త. ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో చూడలేదు.

ఉయ్యాలలో గుడ్డను పరిచింది ఆమే. పసుపు కొస తల వైపు, సాగిన గళ్ళు కాళ్ళ వైపు. బిడ్డను పడుకోబెట్టి, చెవిలో పేరు మూడుసార్లు చెప్పాక, చుట్టుపక్కల ఆడవాళ్ళు పాట అందుకున్నారు. బిడ్డ రెండు కాళ్ళూ గాలిలో ఆడిస్తూ, పైన కట్టిన మామిడాకుల్ని చూస్తూ, పాట ఇంకా పూర్తి కాకముందే పని కానిచ్చేసింది. ఆ తడి మెల్లగా గుడ్డలో పాకి, కొత్త పసుపు పోగు దాటి, అత్త తల్లి నేసిన గళ్ళ దాకా వెళ్ళింది.

బావ ఉయ్యాల తాడు పట్టుకునే నా వైపు తిరిగాడు.

"బావా, ఇంగో మచ్చ పడినాది. రాసుకో."